పెరటిగదిలో మూడు రోజులు

నాకు నెలసరి ఆగిపోయిన సంగతి ఏడాదిన్నర పాటు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే అదేం పెద్ద విషయం కాదు. ఆడవాళ్ళు చెప్పకుండా దాచుకునేవి బోలెడు ఉంటాయి. నేను అంతకు మించిన పని చేశాను. ఆగిపోయాక కూడా నెలనెలా మూడు రోజులు బయట ఉంటూ వచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ అబద్ధం నన్ను ఆపరేషన్ గది గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

తొంభైల చివరి మాట ఇది. మండపేట దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లో మా ఆయన, మా అత్తగారు, నేను. ఆడపిల్లలిద్దరూ ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో అప్పటికే ఈ బయట ఉండటాలు మానేశారు. మా అత్తగారి దగ్గర అలాంటి సడలింపులు లేవు. నెలసరి వచ్చిందంటే మూడు రోజులు వంటింటి గడప తొక్కకూడదు, దేవుడి గది వైపు వెళ్ళకూడదు, మంచం మీద పడుకోకూడదు. ఇంటి వెనక పాత గోనెసంచులూ, గేదెల తవుడూ, పలుగూ పారా పడేసే గది ఒకటుంది. దానికి కిటికీ లేదు, లైటు లేదు. అందులో నాకొక చాప, దుప్పటి, కంచం, గ్లాసు. నాలుగో రోజు తలస్నానం చేసి ఇంట్లోకి రావాలి.

కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, సైన్సులో ఎప్పుడూ మంచి మార్కులే. నేను ముట్టుకుంటే బియ్యానికి ఏమవుతుందండీ అని మొహం మీదే అడిగేశాను. "బియ్యం సంగతి నాకు తెలీదమ్మా, నువ్వు మాత్రం లోపలికి రాకు" అన్నారు మా అత్తగారు. ముక్కు మీద కోపం నాది. మూడు రోజులూ మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని.

ఆవిడకి అరవై అయిదు దాటాక మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఒకరోజు పొయ్యి ముందు నుంచి లేవలేక గోడ పట్టుకున్నారు. "ఇంక మీరు హాయిగా కూర్చోండి అత్తయ్యగారూ, వంట సంగతి నేను చూసుకుంటాను" అని ఆవిడ చేతిలో గరిటె తీసుకున్నాను. కట్టెల పొయ్యి పీకించి, గట్టు కట్టించి, గ్యాసు పెట్టించాను. చుట్టపక్కాలందరూ కోడలంటే నువ్వేనమ్మా అన్నారు. ఆ మాట వినడం నాకు బాగానే ఉండేది.

బాగానే ఉండేది గానీ పని మామూలుది కాదు. నాలుగున్నరకి లేస్తే పాలు, కాఫీలు, టిఫిన్లు, పొలానికి క్యారేజీలు, మధ్యాహ్నం భోజనాలు, ఎవరో ఒక చుట్టం, మళ్ళీ రాత్రి వంట. నాకు ఒంట్లో బాగోలేదంటే "ఓ మాత్ర వేసుకో" అనేవారు మా ఆయన, మాత్ర వేసుకున్నాక కూర ఏం చేశావని అడిగేవారు. నెలలో ఆ మూడు రోజులు మాత్రం నన్నెవరూ ఏమీ అడగడానికి వీల్లేదు. కావాలన్నా వీల్లేదు. పైగా మా అత్తగారు వండి, కంచంలో వడ్డించి, గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. ఒకప్పుడు నేను పళ్ళు నూరిన మూడు రోజులే పండగ రోజుల్లా అయిపోయాయి. ఆ మాట ఎవరితో అనగలను?

నలభై తొమ్మిది నిండేసరికి నెలసరి దారి తప్పింది. రెండు నెలలు రాలేదు, ఒకసారి వచ్చింది, మళ్ళీ రాలేదు. అంతే, ఇంక లేదు. ముట్లుడిగితే ఆడదానికి దిగులంటారు. నాకూ దిగులేసింది. పిల్లలు పుట్టరన్న దిగులు కాదు, అది నాకెప్పుడూ లేదు. నా మూడు రోజులు పోతాయన్న దిగులు.

సరిగ్గా అప్పుడే నిద్ర కూడా పోయింది. పడుకుంటే ఒంట్లోంచి సెగలు లేచేవి, జాకెట్టు తడిసిపోయేది, గుండె దడదడలాడేది. పొద్దున్న లేచి చూస్తే కళ్ళు మంటలు. చిన్న మాటకే కసురుకునేదాన్ని. మా పెద్దమ్మాయి ఫోను చేసి "ఏంటమ్మా ఆ గొంతు" అని అడిగితే దాని మీద కూడా విసుక్కున్నాను. నిజంగానే నాకు భయం వేసింది. ఇలాగే ఉంటే నేను మనిషిగా మిగలనేమో అనిపించింది.

అందుకని ఒకరోజు పొద్దున్నే, వసారాలో కూర్చుని కందిపప్పు చెరుగుతున్న మా అత్తగారి దగ్గరికి వెళ్ళి, "నేను బయట చేరానండి" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. ఆవిడ చేట కింద పెట్టి నా వైపు చూశారు.

"సరే, చాప తీసుకెళ్ళు" అన్నారు.

ఆ మూడు రోజులూ ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. పాత చీర ముక్కలు శుభ్రమైనవే నీళ్ళల్లో ముంచి, పిండి, ఎప్పట్లాగే పెరటి దండెం మీద ఆరేసి, పైన తువ్వాలు కప్పాను. ఎవరికీ అనుమానం రాలేదనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టన్నమాట. వచ్చే నెల మళ్ళీ చెప్పాను. తర్వాతి నెల చెప్పడానికి గొంతు కూడా తడబడలేదు.

అక్కడే నాకో సందేహం పట్టుకుంది. గదిలో మంచం మీద రాని నిద్ర, తవుడు కంపు కొట్టే గదిలో చాప మీద ఎలా వస్తోంది? పని లేకపోవడం వల్లా? అదైతే పిల్లల ఇళ్ళకి వెళ్ళినప్పుడు కూడా పనేం ఉండదు, అక్కడా నిద్ర రాలేదు. చాప మహత్యమేమోనని మామూలు రోజుల్లో చాప తెచ్చి పడకగదిలో కింద వేసుకున్నాను. లాభం లేదు. తవుడు వాసనకి మత్తొస్తోందేమోనని అర బస్తా తవుడు తెచ్చి మంచం పక్కన పెట్టాను. మా ఆయన లోపలికొచ్చి బస్తాని, నన్నూ మార్చి మార్చి చూశారు.

"గేదెని కూడా ఇక్కడే కడతావా?" అన్నారు.

"ఎలకలు తినేస్తున్నాయండీ, అందుకని" అన్నాను. అబద్ధం ఒకటి మొదలుపెడితే దాని పిల్లలు అవే పుట్టుకొస్తాయి.

అప్పుడు కిటికీ వైపు దృష్టి పోయింది. మా పడకగది కిటికీకి ఎదురుగా, రోడ్డుకి అవతల రైసుమిల్లు. ఆ ఏడాదే మిల్లు ఆవరణలో స్తంభం ఎక్కించి ఓ పెద్ద లైటు పెట్టారు. లారీలు ఫలానా వేళకే వస్తాయని లేదు కాబట్టి రాత్రంతా వెలుగుతూనే ఉండేది. మా గది గోడ మీద కిటికీ చువ్వల నీడలు తెల్లారేదాకా కదలకుండా ఉండేవి. పిల్లల ఇళ్ళల్లోనూ వీధిలైటు వెలుతురు గదిలో పడుతూనే ఉండేది. పెరటిగదిలో తలుపేస్తే నా చెయ్యి నాకు కనపడదు. తేడా అదేనేమో అనిపించి ఓ గోనెసంచి కోసి కిటికీకి కట్టాను. గాలాడట్లేదని మా ఆయన మర్నాడే పీకి పారేశారు. ఒక్క రోజులో ఏం తెలుస్తుంది? నా పరిశోధన అక్కడ ఆగిపోయింది గానీ, సందేహం మాత్రం పోలేదు.

ఇంకొకటి కూడా పోలేదు. ఆ మూడు రోజులూ వంట చేసేది డెబ్భై దాటిన మా అత్తగారు. గ్యాసు ముట్టుకునేవారు కాదు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, ముందు చిన్న పీట వేసుకుని, కొబ్బరిమట్టలు మంటపెట్టి వండేవారు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, గుమ్మడికాయ దప్పళం, చింతచిగురు వేసిన చేపల పులుసు, అన్నిటి మీదా తేలేంత నూనె. చాప మీద పడుకుని వింటుంటే రోకలి చప్పుడు, మధ్యమధ్యలో ఆవిడ కూనిరాగం. పాపం, మోకాళ్ళ నొప్పి మరిచిపోవడానికి పాడుకుంటున్నారు కాబోలు అనుకునేదాన్ని. నా నిద్ర కోసం ముసలావిడ మోకాళ్ళు అరగదీస్తున్నానని గుండెల్లో గుచ్చుకునేది. అయినా వచ్చే నెల మళ్ళీ అదే మాట చెప్పేదాన్ని.

ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు పచ్చడి రుబ్బుతూ ఉంటే గుండె అదేపనిగా కొట్టుకుని, చెమటలు పట్టి, అక్కడే కూలబడ్డాను. ఈసారి మాత్రతో పోదని మా ఆయనకి కూడా తెలిసింది. "అమ్మని తోడు తీసుకుని రాజమండ్రి వెళ్ళు, ఆడ డాక్టరుకి చూపించుకో" అన్నారు.

డాక్టరుగారికి నలభై ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడతారు గానీ కళ్ళు మాత్రం మనిషిని వదలవు. నేను దడ గురించీ, సెగల గురించీ, నిద్ర గురించీ చెప్పాను. అన్నీ రాసుకుని తలెత్తారు.

"నెలసరి ఎలా ఉందండి?"

పక్క కుర్చీలో మా అత్తగారు. ఆవిడ ఎదురుగా గోడ మీదున్న క్యాలెండరు చూస్తున్నారు.

"వస్తోందండి" అన్నాను.

"ప్రతి నెలా?"

"ప్రతి నెలా వస్తుందండి."

డాక్టరుగారు నన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు తట్టుకోలేక, అడక్కుండానే ఇంకో మాట కలిపాను. "బాగా ఎక్కువే అవుతోందండి."

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. అబద్ధం పల్చగా ఉందనిపించి కాస్త చిక్కబరిచాను కాబోలు. డాక్టరుగారు కాయితం మీద రక్తపరీక్షలూ స్కానింగూ రాసిచ్చారు. మర్నాడు పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చాను, స్కానింగు చేయించుకున్నాను. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం.

ఆవిడ రిపోర్టులు ఒకదాని పక్కన ఒకటి పరిచారు. "కొలెస్ట్రాల్ రెండు వందల అరవై ఎనిమిది ఉంది. ఇంత ఉండకూడదు. నెలసరి వస్తున్నవాళ్ళలో ఒక్కసారిగా ఇలా పెరిగితే థైరాయిడేమో అనుకున్నాను, అదేమీ లేదు. మీరు బాగా రక్తం పోతోందంటున్నారు, రక్తం చూస్తే పన్నెండు పైన ఉంది. గర్భసంచిలో చిన్న గడ్డ కనిపిస్తోంది. రిపోర్టులు ఒకటి చెబుతున్నాయి, మీరు ఒకటి చెబుతున్నారు. నాకు పొంతన కుదరట్లేదు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"మీ మాటే నమ్మాలి కదా నేను" అన్నారు డాక్టరుగారు. "యాభై దాటాక ఇంత ఎక్కువ అవుతుంటే ఊరుకోకూడదు. మత్తిచ్చి లోపలి ముక్క తీసి పరీక్షకి పంపుదాం. అది చూశాక సంచి తీసెయ్యాలా వద్దా అన్నది తేల్చుకుందాం. సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి చేరండి."

ఇంటికి రాగానే మా అత్తగారు మా ఆయనకి చెప్పారు. మా పక్కింటావిడ గోడవతల ఉంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఒకరి తర్వాత ఒకరు పలకరింపులు.

"తీయించేసుకో వదినా, నేను ముప్పై అయిదుకే తీయించేసుకున్నాను, పీడా వదిలింది" అని ఒకామె. ఆవిడ వెళ్ళాక రెండో ఆమె దగ్గరికి జరిగి, "పీడా వదలడమేంటి, అప్పట్నుంచీ దాని నడుం నిలవట్లేదు, నాదీ అంతే" అంది గొంతు తగ్గించి. మా వీధిలో ఆపరేషన్ కానివాళ్ళు ఎందరున్నారా అని లెక్క వేయబోయి మానేశాను.

ఒక్క మాటతో అది ఆపచ్చు. ఆగిపోయిందండీ, అబద్ధం చెప్పాను అంటే చాలు. ఆ ఒక్క మాట గొంతు దాటి రాలేదు. యాభై ఏళ్ళు వచ్చినదాన్ని, ఇద్దరు అల్లుళ్ళున్నదాన్ని, నిద్ర కోసం ఏడాదిన్నర పాటు దొంగ ముట్టు నటించానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? డెబ్భై ఏళ్ళ అత్తగారి చేత చాకిరీ చేయించి పడుకున్నానని ఎలా చెప్పను? చెప్పాక ఆ మూడు రోజులు కూడా పోతాయి. సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క. నవ్వకండి గానీ, కడుపు కోయించుకోవడం తేలికేమో అని కూడా ఒక పూట అనిపించింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనలేదు.

సోమవారం మొదటి బస్సుకి బయల్దేరాం, నేనూ మా అత్తగారూ. మా ఆయన కోతలు చూసుకుని మధ్యాహ్నానికి వస్తానన్నారు. సంచిలో రెండు చీరలు, దుప్పటి, తువ్వాలు, చెంబు. అత్తగారు ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

డాక్టరుగారి ముందు ఒప్పుకోలు కాయితం ఉంది. కలం మూత తీసి, "చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందో తారీఖు చెప్పండి, రాయాలి" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఏ తారీఖు చెప్పబోయానో, నిజం చెప్పబోయానో నాకు తెలీదు.

"నిరుటికి ముందటి దసరాలకే ఆగిపోయిందమ్మా" అన్నారు మా అత్తగారు.

డాక్టరుగారు ఆవిడ వైపు చూసి, నా వైపు చూసి, కలం కింద పెట్టారు.

"మీకెలా తెలుసండి?"

"నాకు తెలీకపోవడమేంటమ్మా. దీనికి కాపురానికి వచ్చిన కాణ్ణించీ రెండో రోజు నడుం పట్టేస్తుంది. వేణ్ణీళ్ళ సీసా పెట్టమంటుంది, అన్నం సహించదంటుంది. ఆ దసరాల నుంచి సీసా అడగలేదు. పులుసు రెండోసారి వేయించుకుని తింటోంది. దండెం మీద గుడ్డలా, ఒక్కదాని మీదా మరక లేదు. పిచ్చిది, తడిపి ఆరేస్తోంది." ఆవిడ బల్ల మీది కాయితాన్ని చేత్తో పక్కకి జరిపారు. "దీనికి కోత వద్దమ్మా. ఆగిపోయింది. నేను సాక్ష్యం."

నేను తల వంచుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చానా, బతికానని ఏడ్చానా అంటే రెండూను.

డాక్టరుగారికి కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ రిపోర్టులు మళ్ళీ దగ్గరికి లాక్కుని, పజిల్ పూర్తిచేసే పిల్లలా ఒక్కొక్కటే చూసుకున్నారు. "అందుకే స్కానింగులో లోపలి పొర అంత పల్చగా ఉంది. అందుకే రక్తం తగ్గలేదు. ఆ చిన్న గడ్డ ఇంక దానంతటదే ఎండిపోతుంది, దాని జోలికి వెళ్ళక్కర్లేదు." ఒప్పుకోలు కాయితం చింపి బుట్టలో వేశారు. "ఇలాంటి అబద్ధాలు డాక్టరు దగ్గర చెప్పకండి. మీ మాట మీద ఆధారపడే నేను కత్తి పట్టుకుంటాను." అది మాత్రం గట్టిగానే అన్నారు. తర్వాత ఎందుకు చెప్పారని అడిగారు. నిద్ర కోసమండీ అన్నాను. పెరటిగది గురించీ, చాప గురించీ, తవుడు బస్తా గురించీ, మిల్లు లైటు గురించీ అన్నీ చెప్పాను. తవుడు దగ్గర ఆవిడ నవ్వాపుకోలేకపోయారు.

"మీరు సైన్సు చదువుకోవాల్సింది" అన్నారు. ఆ మాట నేను ఎన్నేళ్ళయినా మరిచిపోను.

అప్పుడు వివరంగా చెప్పారు. నెలసరి ఉన్నన్నాళ్ళూ ఒంట్లో ఊరే హార్మోను ఒకటి ఆడవాళ్ళ గుండెకి కాస్త కాపలా కాస్తుందట. అది తగ్గాక రక్తంలో కొవ్వు పెరుగుతుంది, సెగలు, దడ కూడా దాని వల్లే. నిద్రకి వేరే ఇంకొకటి ఉందట, మెలటోనిన్ అంటారట. చీకటి పడితే తలలో ఓ చిన్న గ్రంథి దాన్ని తయారుచేస్తుంది, వెలుతురు పడితే తగ్గిస్తుంది. వయసు మీద పడే కొద్దీ అసలే తక్కువ ఊరుతుంది. "ఆ ఊరే కాస్తా మీ మిల్లు లైటు ఊరనివ్వట్లేదేమో" అన్నారు. చీకటి పడితే ఒంట్లో ఏదో ఊరుతుందన్న సంగతి యాభై ఏళ్ళు ఆ ఒంట్లోనే ఉండి నాకు తెలీదు.

నాకు అడగాలనిపించింది. "నెలసరి ఆగాకే కొవ్వు పెరిగింది, అప్పుడే నిద్రా పోయింది. మరి ఆ మెలటోనిన్‌కీ ఈ కొవ్వుకీ ఏమన్నా చుట్టరికం ఉందాండి? నిద్ర బాగుపడితే కొవ్వు తగ్గుతుందా?"

డాక్టరుగారు రిపోర్టుల మీంచి తలెత్తారు. "మంచి ప్రశ్న. ఉందేమోనని చూస్తున్నారు, నాకు తెలిసి ఇంకా తేలలేదు. బయటి దేశాల్లో బిళ్ళలు కూడా దొరుకుతాయట. తేలనిది నేను రాయను. మీకు తేలినవి చెబుతాను. నెయ్యి, వేపుళ్ళు తగ్గించండి. రోజూ కాలవగట్టు మీద అరగంట నడవండి. కిటికీకి ఆ గోనెసంచి మళ్ళీ కట్టండి. మూడు నెలల తర్వాత రక్తం చూద్దాం, తగ్గకపోతే అప్పుడు మాత్ర." డాక్టరు నోటి వెంట నాకు తెలీదు అన్న మాట వినడం నాకదే మొదటిసారి. ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది.

మా ఆయన కోతల దగ్గర ఉంటారు కాబట్టి, ఆయన్ని రావద్దని చెప్పమని మా ఇంటెదురు మిల్లుకి ఫోను చేయించి, బస్సెక్కాం. ద్వారపూడి దాటేదాకా నేను ధైర్యం కూడగట్టుకుంటూనే ఉన్నాను.

"అత్తయ్యగారూ, మొదటి నెలే తెలిసిందన్నమాట మీకు."

"ఆఁ."

"మరి ఎందుకు అడగలేదండీ? మీ మోకాళ్ళు అలా ఉంటే, నేను పడుకుని మీ చేత వండించుకుంటున్నానని తెలిసి కూడా."

ఆవిడ సంచి మీద చేతులు సర్దుకున్నారు. ఎదటి సీటు వైపు చూస్తూ, ఎంతో మామూలుగా చెప్పారు.

"చెబితే నువ్వు వంటింట్లోకి వచ్చేస్తావుగా."

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆవిడే మళ్ళీ అన్నారు. "నలభై అయిదేళ్ళు వండానమ్మా ఆ ఇంట్లో. ఓ రోజు లేచి గోడ పట్టుకున్నానని గరిటె లాక్కున్నావు. మంచికే లాక్కున్నావులే, కాదనను. అందరూ నిన్ను మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. కానీ పొద్దున్న లేస్తే చెయ్యడానికి ఏముంది నాకు? పప్పు చెరగడం, వీధిలోకి చూడటం. నెలకి మూడు రోజులు నాకు నచ్చింది వండుకునేదాన్ని. అవి కూడా పోతాయని ఊరుకున్నాను. డాక్టరు దగ్గర నువ్వే చెబుతావని చూశాను. కోస్తామన్నాక ఇంక ఊరుకోలేకపోయాను."

ఆవిడ కూనిరాగం నాకు గుర్తొచ్చింది. నొప్పి మరిచిపోవడానికని ఎంత తేలిగ్గా అనేసుకున్నాను. నా మూడు రోజులు పోతాయని నేను నోరు విప్పలేదు. తన మూడు రోజులు పోతాయని తెలిసి కూడా ఆవిడ విప్పారు.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట. మా ఆయన వసారాలోంచి "ఆపరేషన్ లేదుట కదా, మంచిదే" అని, "అన్నం ఎంత సేపట్లో అవుతుంది?" అన్నారు. మా అత్తగారు సంచి దించి, రోజూ కూర్చునే చోట కూర్చుని చేట దగ్గరికి లాక్కున్నారు. నేను వంటింటి వైపు నడిచాను. గడప దగ్గర ఆగాను.

గ్యాసు గట్టు కనిపించింది. మేస్త్రి అడిగితే నా నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించి, ఇంత ఎత్తు అని చెప్పి కట్టించుకున్న గట్టు అది. మా అత్తగారు నా భుజానికి కూడా రారు. ఆ గట్టు మీద గిన్నెలో ఏం ఉడుకుతోందో ఆవిడకి కనపడదు. గ్యాసంటే పడదని కాదు పెరట్లో రాళ్ళు పెట్టుకున్నది. ఇన్నేళ్ళూ ఆ వంటింట్లో తిరుగుతూ నేను అది చూడనే లేదు.

గడప దాటలేదు. వెనక్కి తిరిగి, వసారాలోంచి పెరట్లోకి వెళ్ళి, నా గది గుమ్మంలో చతికిలబడ్డాను. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, కళ్ళు తిరుగుతున్నాయి. కాసేపటికి మా అత్తగారు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావేం? ఇంక నీకు దూరం లేదుగా."

"ఆకలేస్తోందండి" అన్నాను. "మీరేం పెడితే అది తింటాను."

ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, పీట కాలితో రాళ్ళ దగ్గరికి జరుపుకున్నారు.

"ఆ మూల కొబ్బరిమట్టలు రెండు అందించు" అన్నారు. అందించాను. "నూనె తక్కువే వేస్తాలే. నువ్వు మాత్రం ఇటు రాకు."